పేరు తెలియని మొక్క

తొలకరి జల్లులు పడిన పదునైదు దినములలో ఏ పెరటియందైనను మనము విత్తని మొక్కలు పెక్కులు మొలకెత్తును. బెండకు త్రవ్విన పాదిలో నొకటి, గోడవార నొకటి, బావిగట్టున తడి నిలిచినచోట మఱియొకటి తలయెత్తి నిలుచును. వానిని జూచిన పిల్లవాడు "ఇది యేమి మొక్క? దీనిని తినవచ్చునా?" అని యడుగును. ఈ చిన్న ప్రశ్నకు మన యిండ్లలోను, పాఠశాలలలోను రెండు సమాధానములు సిద్ధముగా నుండును. "కలుపుమొక్క, పీకి పాఱవేయుము" అనునది మొదటిది. "ఆకుకూరవలె నున్నది, కొంచెము నోట వేసికొని చూడుము" అనునది రెండవది. ఈ రెండును తగని సమాధానములే యని నా యభిప్రాయము. మొదటిది అన్నమును మట్టిపాలు చేయును. రెండవది ప్రాణమునకే ముప్పు దెచ్చును. ఈ రెంటికి నడుమ మూడవ మార్గమొకటి కలదు. అది విచారణమార్గము. దానిని విద్యార్థులకు నేర్పుట పాఠశాల విధియని చెప్పుటకే యీ వ్యాసము.

మొదటి సమాధానమును ముందుగా విచారింతము. మనము కలుపని పీకి దిబ్బపై వేయు మొక్కలలో మన పెద్దలు కూరగా వండుకొని తిన్నవి యెన్నియో కలవు. గంగవాయిలి, పొన్నగంటి, చెంచలి, తుమ్మి, అటికమామిడి, ముండ్లతోటకూర, పులిచింత, తగిరిస మున్నగునవి యెవరును విత్తనము చల్లకయే, నీరు పెట్టకయే, ఎరువు వేయకయే పెరుగునట్టివి. తెలంగాణమున వినాయకచవితినాడు తుమ్మికూర వండుట నేటికిని పెక్కిండ్లలో ఆచారముగా నున్నది. పొన్నగంటికూర కన్నులకు మేలని చెప్పని పల్లెటూరి అవ్వ యుండదు. చేలలో కలుపుతీయు స్త్రీలు సాయంకాలము ఇల్లు చేరునపుడు కొంగున మూటగట్టి తెచ్చుకొనునది యీ కలుపునే. పగలు కూలికి పీకిన మొక్క రాత్రి పప్పులో పడి యింటిల్లిపాదికి కూర యగును. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున 1983 నుండి పనిచేయుచున్న దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారి స్త్రీరైతుల సంఘములు ఇట్టి విత్తని కూరల పేళ్ళను సేకరించి, వాని పండుగలను గూడ జరిపి, లోకమునకు తెలియజేసినవి. ఆ స్త్రీలలో పెక్కురు బడి యెఱుగనివారు. అయినను జొన్నచెంచలి యేదో, దానిని బోలిన వేఱొక మొక్క యేదో చీకటిలో చేతితో తడవి చెప్పగలరు.

1876 మొదలు 1878 వఱకు మన దేశమును పీడించిన ధాత కఱవులో జనులు ఆకులలములు తిని ప్రాణములు నిలుపుకొనిరి. అట్టి కాలమున మొక్కల నెఱిగిన యిల్లు నిలిచినది; ఎఱుగని యిల్లు మఱింత కష్టపడినది. నేడు చౌకధరల దుకాణములున్నవి, మధ్యాహ్నభోజనమున్నది, కఱవు దూరమైనది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని కఱవుతోబాటు మొక్కల యెఱుకయు దూరమైనది. చేలలో కలుపుమందు చల్లుట హెచ్చినది. మందు చల్లిన చేనిలో కొంగున మూటగట్టుకొనుటకు ఏమియు మిగులదు. తల్లి ఏఱని కూర పేరు కూతురెట్లు నేర్చును? ఒక తరమున మొక్క పోవును. రెండవ తరమున దాని పేరు పోవును. పేరు పోయిన పిమ్మట ఆ మొక్క మరల మన పెరటిలో మొలచినను అది మనకు కలుపే యగును.

ఇక రెండవ సమాధానము. ఇది మొదటిదానికంటె ప్రమాదకరమైనది. మన విద్యార్థులలో పెక్కురెఱిగిన కథయొకటి యిచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనదగియున్నది. రాజుల రెండవ గ్రంథము 4వ అధ్యాయమున గిల్గాలులో కఱవు కలిగినప్పటి సంగతి వ్రాయబడినది. ఎలీషా ప్రవక్త శిష్యులకొఱకు పెద్దకుండ పొయ్యిమీద పెట్టించెను. కూరాకులు ఏఱుటకు పొలములోనికి పోయిన యొకడు అడవితీగను గని, దాని కాయలను ఒడినిండ కోసికొనివచ్చి, తఱిగి ఆ కుండలో వేసెను. అవి యేమి కాయలో అచ్చటివారెవరికిని తెలియదు. తినబోయినవారు కుండలో మృత్యువున్నదని కేకలు వేసిరి. అవి చేదుపుచ్చకాయలని పండితులు పెక్కురు తలంచుచున్నారు. ఆ తీగ కర్బూజాతీగకు దాయాది. చూపునకు దానివలెనే యుండును. వండినవానికి దురాలోచన లేదు. ఉన్నవి మూడే: ఆకలి, తొందర, తెలియమి. ఈనాడును ఆకుకూరలవలన కలుగు అపాయములకు ఈ మూడే మూలములు.

అపాయములు నాటికథలలోనే కాదు, నేటికాలమునను కలుగుచున్నవి. 1998వ సంవత్సరమున ఢిల్లీనగరమున ఆవనూనెలో బ్రహ్మదండిగింజల నూనె కలియుటచేత కాళ్ళు వాచు జబ్బు వ్యాపించి అఱువదిమంది చనిపోయిరి. బ్రహ్మదండి మన రోడ్లవెంట పసుపుపచ్చని పూలతో, ముండ్ల ఆకులతో పెరుగునట్టి మొక్కయే. దాని గింజ ఆవగింజను బోలియుండుటయే ఆ చేటునకు దారి యైనది. 2022 డిసెంబరు మాసమున ఆస్ట్రేలియాలో అంగళ్ళలో కొన్న పాలకూర తిని నూఱుమందికి పైగా అస్వస్థులైరి. చూపు మసకబాఱుట, గుండె దడ, మాటలు తడబడుట కలిగినవి. విచారింపగా పాలకూర మడిలో మొలచిన ఉమ్మెత్తజాతి మొక్క లేతగా నున్నపుడు దానితోబాటు కోతకు వచ్చినదని తేలినది. యంత్రములు, తనిఖీలు గల దేశమున నిట్లు జరిగినపుడు మన పెరటిలో లేతమొక్కను ఊహచే కూరయని తెంపుట యెంత సాహసమో యోచింపుడు.

తెలియని మొక్క తినదగినదో కాదో కనుగొనుటకు జనులు చెప్పుకొను పరీక్షలు కొన్ని కలవు. వానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

"మేక తిన్నది గాన మనిషియు తినవచ్చును" అందురు. ఒక జంతువునకు పడినది మఱియొక జంతువునకు పడదు. కొన్ని కుందేళ్ళ రక్తమున ఉమ్మెత్తజాతి విషమును విఱుచు పదార్థముండును. కావున అవి ఆ యాకులు మేసియు బ్రతుకగలవు. మనిషి రక్తమున అది లేదు. మఱియు మేసిన జంతువు పాలే మనిషికి విషమైన సందర్భము చరిత్రలో కలదు. అమెరికాదేశాధ్యక్షుడైన అబ్రహాము లింకను తల్లి 1818లో ఆయన తొమ్మిదేండ్ల బాలుడుగా నున్నపుడు పాలజబ్బు అనుదానిచే మరణించెను. వైట్ స్నేక్‌రూట్ అను తెల్లపూల మొక్కను మేసిన ఆవుల పాలలో ఆ విషముండెడిదని తరువాతి వారు గనుగొనిరి.

"చేదుగా నున్నది విషము, కమ్మగా నున్నది మంచిది" అందురు. కాకరకాయ చేదు, దానిని ఇష్టముగా తిందుము. అడవియాముదపు గింజ కమ్మగా నుండును; దానిని తిని బడిపిల్లలు గుంపుగా వాంతులతో ఆసుపత్రి పాలైన వార్తలు మన దేశపు పత్రికలలో పలుమాఱు వచ్చినవి. అయితే సొరకాయ, దోసకాయవంటి మంచికూరలలో అనుకొనని చేదు తగిలినపుడు పాఱవేయవలెననుట నిజమే. అది యెఱిగిన కూర చెడినదని తెలుపు గుఱుతు. ఎఱుగని మొక్క మంచిదని తెలుపు గుఱుతు మాత్రము నాలుకకు లేదు.

"ఉడికించిన విషము పోవును" అందురు. కొన్నింటిలో పోవును. కఱ్ఱపెండలమును చెక్కుతీసి బాగుగా ఉడికించినచో దానిలోని విషము చాలవఱకు తొలగును. కాని గన్నేరు విషము ఉడికినను, ఎండినను పోదు. ఉమ్మెత్త విషమును అట్టిదే. పొయ్యికి ఏ విషము లొంగునో, ఏది లొంగదో మొక్కపేరు తెలిసినగాని చెప్పుటకు వీలులేదు.

"కొంచెము తిని ఒక గంట చూడుము" అందురు. సైనికులకు అడవులలో దిక్కుతోచనపుడు ఇట్టి పరీక్ష నేర్పుదురు. అది చావు తప్పనిచోట చేయు సాహసము. కూరకు కొదువలేని యింట చేయదగినది కాదు. గురివిందగింజ నమలినవానికి బాధ కొన్ని గంటలకు, ఒక్కొక్కపుడు కొన్ని దినములకు గాని కనబడదు. గంట చూచి క్షేమమని తలంచినవాడు మోసపోవును.

ఈ నాలుగు పరీక్షలును ఒకే కారణముచేత నిలువవు. ఇవి మొక్క యెవరో తెలిసికొనకయే దాని గుణమును తెలిసికొనజూచుచున్నవి. ఊరికి క్రొత్తగా వచ్చిన మనిషిని పేరు, ఊరు, ఇంటివారు ఎవరని యడుగక, ముఖము చూచి తాళపుచెవులు చేతికిచ్చుట వంటిది యీ పద్ధతి. మొదట పేరు, తరువాత గుణము, ఆ తరువాతనే పొయ్యి. ఇదియే క్రమము.

పేరు తెలిసికొనుట యెట్లు? ఒక్క మొక్కను తీసికొని చూతము. వానకాలమున పాదులలో నేలమీద చక్రమువలె పఱచుకొని పెరుగు మొక్కయొకటి కనబడును. కాడ నున్నగా, రసముతో నిండి, యెఱ్ఱవాఱి యుండును. ఆకు దళసరి, చివర వెడల్పుగా, మొదట సన్నముగా, చిన్న గరిటెవలె నుండును. అది గంగవాయిలి యని తోచును. కాని తోచుట వేఱు, తెలియుట వేఱు. దానివలె నేలను పఱచుకొను మొక్కలు మఱి రెండుజాతులు కలవు. ఒకటి నానబాలుజాతి, మఱియొకటి కొందఱు తెల్లగలిజేరు అనియు, కొందఱు అంబటిమాడు అనియు పిలుచు మొక్క.

మొదట కాడను విఱువవలెను. తెల్లని పాలు కాఱినచో అది గంగవాయిలి కాదు, నానబాలుజాతి. గంగవాయిలి కాడలో నీరువంటి రసమే యుండును. పిమ్మట ఆకుల యమరిక చూడవలెను. అంబటిమాడులో ఆకులు ఎదురెదురుగా జంటలై యుండును. ప్రతిజంటలో ఒక ఆకు పెద్దది, రెండవది చిన్నది. ఆ పిమ్మట పువ్వుకొఱకు వేచియుండవలెను. గంగవాయిలి పువ్వు పసుపుపచ్చనిది. సాధారణముగా అయిదు రేకులు. కొమ్మచివర ఆకుల నడుమ కూర్చుండి, ప్రొద్దెక్కినపుడు కొన్ని గంటలు మాత్రము విచ్చియుండును. అంబటిమాడు పువ్వు తెలుపుగా గాని లేతగులాబిరంగుగా గాని యుండి ఆకుమొదట సగము దాగియుండును. తుదకు కాయ. గంగవాయిలి కాయ పండినపుడు పైభాగము కుంకుమభరిణె మూతవలె ఊడివచ్చును. లోపల నల్లని సన్నని గింజలుండును. అయితే మూత యూడుట అంబటిమాడు కాయకును కలదు. కావున కాయ యొక్కటియే చాలదు. పాలు లేకుండుట, ఆకు రూపు, పువ్వు రంగు, కాయ తీరు, ఇన్ని సాక్ష్యములును ఏకీభవించినపుడే తీర్పు చెప్పవలెను. న్యాయస్థానమున ఒక్క సాక్షి మాటపై ఉరిశిక్ష వేయరు. మన మెందుకు ఒక్క గుఱుతుపై కూర వండవలెను?

ఇచ్చట విద్యార్థులు ఒక విషయమును జాగ్రత్తగా గమనింపవలెను. పాలు కాఱు మొక్కయెల్ల విషమని నేను చెప్పలేదు. పనసకు పాలున్నవి, మేడికి పాలున్నవి, చిలగడదుంప తీగకును పాలున్నవి. పాలు లేని ఉమ్మెత్త ప్రాణాపాయకరము. కాడలోని పాలు "ఇది గంగవాయిలి కాదు" అని మాత్రమే మనకు చెప్పును. గుఱుతు పేరునకు సాక్షి. గుణమునకు సాక్షి కాదు.

పేరనగా ఏ పేరు? ఇదియు ఒక చిక్కు. గంగవాయిలిని ఒకయూర గంగపాయ యందురు, వేఱొకయూర పెద్దపాయల యందురు, ఇంకొకచోట పప్పుకూర యందురు. ఇవి యన్నియు ఒకే మొక్క. దీనికి మాఱుగా గలిజేరు అను ఒకే పేరు అటికమామిడికిని, అంబటిమాడుకును చెల్లుచున్నది. ఒక అవ్వ "గలిజేరు వండుకో, నాయనా" అని చెప్పిన మాటను పొరుగుజిల్లాలో విన్నవాడు వేఱు మొక్కను వండవచ్చును. అంబటిమాడు లేతాకును తినువారున్నను ముదురాకు విరేచనములు కలిగించును. ఈ చిక్కును దీర్చుటకే స్వీడను దేశస్థుడైన లిన్నేయసు పండితుడు 1753లో ప్రకటించిన గ్రంథమున ప్రతి మొక్కకు రెండు మాటల పేరు పెట్టెను. గంగవాయిలికి పోర్టులాకా ఒలెరేసియా అని పేరు. రెండవ మాటకు కూరకు పనికివచ్చునది యని యర్థము. అంబటిమాడు పేరు ట్రయాంథిమా పోర్టులాకాస్ట్రం. ఆ రెండవ మాటకు పోర్టులాకాను పోలినదే గాని అది కానిది యని భావము. చూడుడు, పేరులోనే హెచ్చరిక యున్నది.

ఈ శాస్త్రము మన నేలకు పరాయిది కాదు. లిన్నేయసు శిష్యుడైన కోనిగు అను వైద్యుడు 1768లో తరంగంబాడి మిషనునకు వచ్చి, ఈ తీరమందలి మొక్కలను శోధించి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కన్నుమూసెను. ఆయన మిత్రుడు రాక్సుబర్గు 1781 నుండి సామర్లకోటలో నుండి మన మొక్కలను పరిశీలించి, వానికి చిత్రములు వ్రాయించి, తరువాత కలకత్తా వృక్షోద్యానమునకు అధికారి యయ్యెను. ఆయన గ్రంథములలో ఆయా మొక్కల తెలుగు పేళ్ళును వ్రాయబడినవి. ఆ పేళ్ళను ఆయనకు చెప్పినవారెవరు? మన రైతులు, మన కూలీలు, మన వైద్యులు. వారి నోటిమాటయు, పండితుని కలమును కూడినందున ఆ గ్రంథములు పుట్టినవి. మద్రాసు రాజధానిలోని మొక్కలను గూర్చి గాంబులు దొర మొదలుపెట్టిన మహాగ్రంథము 1915 మొదలు 1936 వఱకు భాగములుగా వెలువడినది. నేటికిని మన కళాశాలల యధ్యాపకులు దానిని తెఱచి చూచుచుందురు.

పేరు తేలిన పిమ్మట తినదగినదా యను ప్రశ్న వచ్చును. అదియు ఒక్క ప్రశ్న కాదు. ఏ భాగము, ఏ వయస్సు, ఏ వంటతీరు, ఏ చోట పెరిగినది యని నాలుగు ప్రశ్నలు. కామంచి ఆకును వండుకొందురు; నల్లగా పండిన పండ్లను పిల్లలు తిందురు; కాని పచ్చికాయలలో విషముండును, అది ఉడికినను పోదు. ఆముదపుగింజ ప్రాణాంతకము; అదే గింజనుండి కాచి తీసిన నూనె మన తల్లులు పసిబిడ్డలకు పట్టిన మందు. చేమాకు సరిగా ఉడకనిచో గొంతు దురదపెట్టును. గంగవాయిలి మిక్కిలి సారవంతమైన కూర. ఆకుకూరలలో అరుదుగా నుండు ఒమేగా-3 క్రొవ్వు దానిలో హెచ్చుగా నున్నదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. అయినను దానిలో ఆక్సలేటులును హెచ్చు. మూత్రపిండములలో రాళ్ళుగలవారు దానిని మితముగా తినవలెను. ఇక ఎంత మంచికూరయైనను మురుగుకాలువ గట్టున గాని, మందు చల్లిన చేనిగట్టున గాని పెరిగినచో దానిని ముట్టరాదు.

ఈ కాలమున చేతిఫోనులో మొక్క ఛాయాచిత్రము తీసి పేరు అడుగు సాధనములు వచ్చినవి. వానిని నేను నిందింపను. క్రొత్తమొక్కకు రెండు మూడు పేళ్ళు సూచించి మనలను గ్రంథమువద్దకు నడిపింపగల మంచి బంట్లు అవి. కాని అవి కాడను విఱిచి చూడవు, ఆకును నలిపి వాసన చూడవు, వేరును త్రవ్వి చూడవు. పువ్వు పూయని లేతమొక్క విషయమున అవి తఱచు పొరపడును. ఫోను చెప్పిన పేరును విచారణకు మొదటిమెట్టుగా గైకొనవచ్చును. వంటయింటికి అనుమతిపత్రముగా గైకొనరాదు.

ఇంతకంటె నమ్మదగిన గురువులు మన చెంతనే యున్నారు. పాఠశాల ఆవరణము ఊడ్చు ఆమెకు, వసతిగృహమున వంటచేయు ఆమెకు, కూలికి కలుపుతీయు విద్యార్థుల తల్లులకు తెలిసిన మొక్కలపేళ్ళు మనలో డిగ్రీలు గలవారికి తెలియవు. మన్యమునుండి వచ్చి వసతిగృహమున చదువుకొను కోయ, చెంచు బాలురకు తెలిసిన దుంపలు, ఆకులు పట్టణపు బాలురు కన్నెత్తియు చూడలేదు. హైందవుల యిండ్లలో పిల్లలు వినాయకచవితికి 21 రకముల పత్రి కోసితెచ్చుదురు. వానిలో మామిడి, తులసి, రేగు, ఉత్తరేణి కలవు, ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడ కలవు. ఏది పూజకో, ఏది నోటికో వారి పెద్దలు చెప్పుదురు. ఇట్టి యెఱుకను చదువుగా లెక్కింపకపోవుట మన చదువులోని పెద్దలోపము. లెక్కలలో వెనుకబడిన బాలుడు తోటలో నిలిచి పది మొక్కల పేళ్ళు చెప్పునపుడు తరగతియంతయు వానివైపు గౌరవముతో చూచును. ఆ గౌరవము వానికి లెక్కలు నేర్చుకొను ధైర్యము నిచ్చును. ఇది ఉపాధ్యాయులెల్ల రెఱిగిన విషయమే.

అట్లని అవ్వమాట ఒక్కటియే చాలునని చెప్పజాలము. మన పెరటిలో అవ్వలెఱుగని మొక్కలును వచ్చి చేరినవి. వయ్యారిభామ యను మొక్క మన దేశమున 1955లో పూనా ప్రాంతమున మొదట కంటబడినది. నేడది లేని బీడు లేదు. లేతగా నున్నపుడు చేమంతివలె నుండి, తాకినవారి చర్మమునకు దురద కలిగించును. దీనికి అవ్వవద్ద పాతపేరు లేదు. కావున పెద్దల మాటయు, గ్రంథమును రెండు కన్నులుగా గైకొనవలెను. ఒక కన్ను మూసికొన్నవానికి దూరము సరిగా తెలియదు.

నా యభిప్రాయమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. "పరీక్షలకు రాని యీ విషయమునకు కాలమెక్కడిది?" అని కొందఱందురు. ఆకుల యమరిక, పూల రేకులు, కాయల రకములు జీవశాస్త్ర పాఠ్యగ్రంథమున ఉండనే యున్నవి. వానినే నల్లబల్లమీదనుండి పాదివద్దకు మార్చుచున్నాము. క్రొత్తగా చేర్చునది లేదు. "అడవికూరలు తినవచ్చునని పిల్లలకు చెప్పిన వారు కనబడినదెల్ల నోట వేసికొందురు" అని మఱికొందఱందురు. ఇది ఆలోచింపదగిన ఆక్షేపణ. కాని అడవియాముదపు గింజలు తిని బాధపడిన బాలురకు ఎవరైన ఆ మొక్క పేరు నేర్పియుండిరా? ఏమియు తినకుమని చెప్పిన మాట ఆటవేళ మఱపునకు వచ్చును. ఇది అడవియాముదము, దీనిగింజ విషము అని చూపించి చెప్పిన మాట కంట నిలుచును. తెలియమిచే గలిగిన నిర్భయమే ప్రమాదము. తెలివిచే గలిగిన జాగ్రత్త రక్ష.

కావున ప్రతి పాఠశాలయు ఈ నాలుగు పనులు చేయదగునని నేను మనవి చేయుచున్నాను. మొదటిది, తోటలో ఒక మడిని త్రవ్వక వదలి, దానిలో మొలచు ప్రతి మొక్కకును పువ్వు పూయువఱకు గడువీయవలెను. రెండవది, మొక్కల పుస్తకము. మొక్కను వేరు, ఆకు, పువ్వు, కాయలతో తీసి, పాత వార్తాపత్రికల నడుమ పఱచి, పైన బరువు పెట్టి, దినదినము కాగితములు మార్చుచు ఎండబెట్టి దళసరి కాగితమునకు అంటింపవలెను. ఎండినపిమ్మట తెలియని సంగతులను, అనగా పువ్వు రంగు, కాడలోని రసము, వాసన, దొరికిన చోటు, తేదీ మున్నగువానిని ప్రక్కన అప్పుడే వ్రాయవలెను. మూడవది, ఆ మొక్కను చెప్పినవారి పేళ్ళును, వారు చెప్పిన మొక్కపేరును అందే వ్రాయవలెను. తేలనిదానిని కళాశాలలోని వృక్షశాస్త్ర అధ్యాపకులకు గాని, కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని చూపవలెను. 1890లో స్థాపింపబడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు హైదరాబాదున ప్రాంతీయ కేంద్రము కలదు. నాలుగవది, గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదము, అడవియాముదము, బ్రహ్మదండి, జిల్లేడు, ఈ యెనిమిదింటిని ప్రతి విద్యార్థియు అయిదవ తరగతి దాటులోపల చూచి గుఱుతుపట్ట నేర్వవలెను. మంచికూరల జాబితా తరువాత నేర్వవచ్చును.

తోటలో పాఠము జరుగు వేళ ఎవరును దేనినిగాని నోట వేసికొనరాదు. పాఠమైన పిమ్మట చేతులు కడుగవలెను. ఒకవేళ ఎవరైన తెలియని ఆకు గాని గింజ గాని తినినట్లు తెలిసినచో, బాధ కనబడువఱకు వేచియుండక, బలవంతముగా వాంతి చేయింపక, వెంటనే 108 బండిని పిలిచి ఆసుపత్రికి గొంపోవలెను. తిన్న మొక్కయొక్క కొమ్మను కాయతోగూడ వెంట తీసికొనిపోవలెను. వైద్యునకు రోగి చెప్పలేని సంగతిని ఆ కొమ్మ చెప్పును.

విద్యార్థులారా, ఈ విచారణకు ధనము వలదు, గొప్ప పరికరములు వలదు. వలసినది "నాకు ఇంకను తెలియదు" అను మాటను సిగ్గుపడక పలుకగల ధైర్యము. ఉపాధ్యాయుడు ఆ మాట చెప్పుటవలన చిన్నవాడు కాడు. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పినచో ఒకరి బిడ్డ ప్రాణముతో ఆడుకొన్నవాడగును. "ఇంకను" అను ఆ చిన్న మాటలోనే శాస్త్రమంతయు నిమిడియున్నది. నేడు తెలియదు, కాని కాడ విఱిచి చూతము, పువ్వు పూయువఱకు ఆగుదము, అవ్వనడుగుదము, గ్రంథము తెఱతము. అంతవఱకు మొక్కను పీకకుందము, తినకుందము. ఈ యోపిక అలవడినవాడు మొక్కల విషయముననే గాక, మనుష్యుల విషయమునను తొందరపడి తీర్పు చెప్పడు.